‘మాట్లాడదు’ అని రాసి ఉంది

ఘాట్ దిగి నర్సింగ్ చదువుకు వెళ్ళిన మమ్మల్ని, సెలవులకు ఊరొచ్చినప్పుడు అందరూ అడిగేది ఒకటే. సూది వేయడం వచ్చిందా, సెలైన్ ఎక్కించడం వచ్చిందా అని. వచ్చిందంటే సంతోషిస్తారు. మాట్లాడటం నేర్పారా అని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అది కూడా ఒకరు నేర్పాలా అని నవ్వుతారు. కానీ జీఎన్ఎం రెండో ఏడాదిలో మెంటల్ హెల్త్ నర్సింగ్ అనే సబ్జెక్టు ఉంటుంది. అందులో సూది కన్నా మాటకే ఎక్కువ పని. ఆ మాట ఎలాంటిదో, అది నేర్చుకోవడం మన పిల్లలకు ఎందుకు అవసరమో చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

మేము ఐదుగురం. పాడేరు, అరకు వైపు ఊళ్ళ వాళ్ళం. మాలో భగత, కొండదొర, వాల్మీకి, కోదు ఇళ్ళ పిల్లలున్నారు. ఇంట్లో మాట్లాడే భాషలు వేరు వేరు. ఒకరిది కుపియా, ఒకరిది కువి, ఒకరిది ఆదివాసీ ఒరియా, ఇద్దరిది తెలుగు. ఆశ్రమ పాఠశాలల్లో తెలుగులో చదివాం. ఇప్పుడు నర్సింగ్ పుస్తకాలు ఇంగ్లీషులో చదువుతున్నాం. రెండో ఏడాదిలో మా కాలేజీ మమ్మల్ని నాలుగు వారాలు పట్నంలోని ఒక మానసిక వైద్యశాలకు పోస్టింగ్ వేసింది. అక్కడ మేము కలిసిన ఒక ఆమె గురించి ఇక్కడ రాస్తున్నాం. ఆమె పేరు, ఊరు రాయడం లేదు. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాం. రోగి సంగతులు బయటపెట్టకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. చట్టం చెప్పకపోయినా ఒక మనిషి నమ్మి చెప్పిన మాటను కాపాడాలి కదా.

పోస్టింగ్ అనగానే మాకు భయం వేసింది. చిన్నప్పటి నుంచి ఊళ్ళో విన్న మాటలు అలాంటివి. గాలి సోకిందంటారు. ఎవరో చిల్లంగి పెట్టారంటారు. పిచ్చిది, దగ్గరకు పోకండి అంటారు. జ్వరం వచ్చినవాళ్ళను డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకొస్తారు. మనసు చెదిరినవాళ్ళను మాత్రం ఇంటి వెనక కట్టేసిన సంగతులు మాకు తెలుసు. అందుకే మొదటి రోజు ఆడవాళ్ళ వార్డులోకి ఐదుగురం ఒకరి చెయ్యి ఒకరు పట్టుకునే వెళ్ళాం. లోపల చూస్తే ఒకామె తల దువ్వుకుంటోంది. ఇద్దరు కిటికీ దగ్గర కూర్చుని తింటున్నారు. ఒక ముసలమ్మ మమ్మల్ని చూసి, అన్నం తిన్నారా పిల్లలూ అని అడిగింది. భయం సగం అక్కడే పోయింది.

మా ట్యూటర్ మేడమ్ ఆ రోజు చెప్పింది ఒక్కటే. “ముందు పక్కన కూర్చోవడం నేర్చుకోండి. మాట తర్వాత వస్తుంది.”

మానసిక రోగితో నర్సు మాట్లాడే పద్ధతిని థెరప్యూటిక్ కమ్యూనికేషన్ అంటారు. మేలు చేసే మాట అని మేము అర్థం చేసుకున్నాం. అమెరికా నర్సు హిల్డెగార్డ్ పెప్లావ్ 1952లో ఒక పుస్తకం రాసింది. నర్సుకూ రోగికీ మధ్య ఏర్పడే సంబంధమే వైద్యంలో భాగమని అందులో చెప్పింది. అప్పటివరకు నర్సు అంటే డాక్టరు చెప్పింది చేసే మనిషి అనే అందరూ అనుకునేవాళ్ళు. ఆమె తర్వాత ఈ సంబంధానికి పరిచయం, పని, ముగింపు అని దశలు పెట్టి నేర్పడం మొదలైంది. మాకూ అలాగే నేర్పారు.

నేర్చుకోవడానికి ప్రాసెస్ రికార్డింగ్ అని ఒకటి రాయాలి. పేజీని నిలువుగా గడులు చేస్తాం. రోగి ఏమంది, మనం ఏమన్నాం, ఆ సమయంలో మనకు లోపల ఏమనిపించింది, వాడిన పద్ధతి ఏది అని నాలుగు గడులు. మూడో గడి మాకు కొత్త. మాకు ఏమనిపించిందో అంతవరకు ఏ పరీక్షలోనూ ఎవరూ అడగలేదు.

పద్ధతులు వినడానికి సులువుగానే ఉంటాయి. అవును, కాదు అని జవాబు వచ్చే ప్రశ్న వేయకుండా, మనిషి తన మాట తాను చెప్పుకునే ప్రశ్న వేయాలి. ‘నిద్ర పట్టిందా’ అనే బదులు ‘రాత్రి ఎలా గడిచింది’ అనాలి. ఆమె చెప్పిన మాటనే తిరిగి ఆమెకు వినిపించాలి. ‘ఇంటికి పోతాను’ అంటే, ‘ఇంటి మీదికి మనసు పోతోంది’ అనాలి. తొందరపడి సలహా ఇవ్వకూడదు. ‘ఏం కాదులే, అంతా బాగైపోతుంది’ అని ఉత్త ధైర్యం చెప్పకూడదు. ‘ఎందుకు అలా చేశావు’ అని నిలదీయకూడదు. మాట లేనప్పుడు, ఆ మౌనాన్ని మౌనంగానే ఉండనివ్వాలి.

వార్డు చివరి మంచం మీద నలభై దాటిన ఒకామె ఉండేది. ముక్కుకు రెండు వైపులా పుల్లలు, చేతి మీద పచ్చబొట్లు. గోడ వైపు తిరిగి కూర్చునేది. కేస్ షీటులో ‘మాట్లాడదు, సహకరించదు’ అని రాసి ఉంది. తెలుగు కొంచెం వచ్చినట్టుంది కానీ పలకదు. ఆమెది మా కొండల వైపే అని పచ్చబొట్లు చూసి మాకు తెలిసింది. మేడమ్ ఆమెను మాకే అప్పగించింది.

పుస్తకంలో కూర్చునే పద్ధతి కూడా ఉంది. జెరార్డ్ ఈగన్ అనే ఆయన 1975లో రాసిన పుస్తకం నుంచి వచ్చిన పద్ధతి అది. రోగికి ఎదురుగా కూర్చోవాలి, చేతులు కట్టుకోకూడదు, కొంచెం ముందుకు వంగాలి, కళ్ళలోకి చూడాలి, తొణకకుండా ఉండాలి. మన ఊళ్ళలో చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ కళ్ళలోకి తేరిపార చూస్తే ఏమంటారో మీకు తెలుసు. చలికాలం నెగడు చుట్టూ కూర్చున్నప్పుడు ఎవరూ ఎవరి మొహమూ చూడరు. అందరూ మంటనే చూస్తారు. మనసులో మాట అప్పుడే బయటికొస్తుంది. ఈ సంగతి మేడమ్‌కు చెప్పాం. ఆమె ఆలోచించి, “అయితే పక్కన కూర్చోండి. ఆమె చూసే వైపే మీరూ చూడండి. రికార్డులో అలాగే రాసి, ఎందుకో కూడా రాయండి” అంది.

రెండు రోజులు అలా కూర్చున్నాం. ఉదయం అరగంట, మధ్యాహ్నం అరగంట. వచ్చేటప్పుడు ‘వచ్చాం’ అనేవాళ్ళం. లేచేటప్పుడు ‘మధ్యాహ్నం మళ్ళీ వస్తాం’ అని చెప్పి, చెప్పిన వేళకు వచ్చేవాళ్ళం. మాటా పలుకూ లేని ఆ కూర్చోవడం మాకు కష్టంగా అనిపించలేదు. పోడు కాపలాకు వెళ్ళినప్పుడు మా అమ్మలు, పిన్నులు పొద్దంతా అలాగే కూర్చుంటారు.

మూడో రోజు, మాలో కువి ఇంటి అమ్మాయి మెల్లగా కువిలో అడిగింది, అంబలి తాగావా అని.

ఆమె తల తిప్పింది. చాలాసేపు ఆ అమ్మాయి వైపే చూసింది. తర్వాత కువిలోనే అడిగింది. “నీది ఏ ఊరు? ఎవరి బిడ్డవు?”

ఇక్కడ ఒక చిక్కు. నర్సు తన సొంత సంగతులు రోగికి చెప్పుకోకూడదని పుస్తకం చెబుతుంది. సంభాషణ రోగి గురించి నడవాలి, నర్సు గురించి కాదు. అది మంచి నియమమే. కానీ మన కొండల్లో ఊరు, ఇంటిపేరు చెప్పని మనిషితో ఎవరు మాట్లాడతారు? ఎవరో తెలియని మనిషికి మనసు ఎలా ఇస్తారు? మా అమ్మాయి ఊరి పేరు, తల్లి పుట్టిల్లు చెప్పి అక్కడితో ఆగింది. ఆమె వేళ్ళ మీద లెక్క వేసుకుంది. “అయితే నన్ను పిన్నీ అనాలి” అంది. కేస్ షీటులో మాట్లాడదు అని రాసిన మనిషి మొదట చేసిన పని, మాతో చుట్టరికం కలుపుకోవడం.

ప్రాసెస్ రికార్డింగ్ చదివి మేడమ్ కింద ఇలా రాసింది. ‘రోగి నమ్మకం కోసం కొద్దిగా చెప్పవచ్చు. మన బరువు ఆమె మీద పెట్టకూడదు. పేరు రికార్డులో ఉంటుంది. పిలుపు ఆమెకు నచ్చినట్టు ఉండాలి.’ ఆ రోజు నుంచి ఐదుగురమూ పిన్నీ అనే పిలిచాం.

తెలుగులో ‘మేము’ వేరు, ‘మనం’ వేరు. కువిలోనూ అంతే. మేము అంటే ఎదుటి మనిషి బయట ఉంటుంది. మనం అంటే ఆమె కూడా లోపలే. వార్డులో ‘మేము మందు ఇస్తాం, మేము స్నానం చేయిస్తాం’ అనే మాటలే ఎక్కువ వినిపిస్తాయి. మా అమ్మాయి పిన్నితో ‘మనం కాసేపు వరండాలో నడుద్దాం’ అంది. పిన్ని లేచింది. ఇంగ్లీషులో రెండింటికీ ఒకే మాట. ఈ తేడా మనకు పాఠం చెప్పకుండానే తెలుసు.

రోగి మానసిక స్థితిని పరీక్షించడానికి కొన్ని ప్రశ్నలుంటాయి. ఈ రోజు తేదీ ఎంత, ఏ వారం, ప్రధానమంత్రి ఎవరు అని అడుగుతారు. ఆలోచన ఎలా సాగుతోందో చూడటానికి ఒక సామెత చెప్పి అర్థం అడుగుతారు. మెరిసేదంతా బంగారం కాదు అంటే ఏమిటి అని. పిన్ని వీటిలో దేనికీ జవాబు చెప్పలేదు. చెప్పలేదు కాబట్టి తెలివి మందగించిందని రాసేయడం సులువు. మేము మేడమ్ అనుమతితో కువిలో వేరే ప్రశ్నలు కూడా అడిగి పక్కన రాశాం. మీ వైపు సంత ఏ రోజు? నువ్వు ఇక్కడికి వచ్చి ఎన్ని సంతలైంది? పోడులో ముందు ఏ విత్తనం చల్లుతారు? అడ్డాకులు కట్టలు కట్టి అమ్మితే ఈసారి ఎంత వచ్చింది? అన్నిటికీ జవాబు వచ్చింది. మూడు సంతలైందని చెప్పింది. కేస్ షీటులో చేర్చిన తేదీ చూస్తే మూడు వారాలే. పిన్నికి కాలం తెలుసు. క్యాలెండరు తెలియదు, అంతే.

అలాగని పిన్నికి జబ్బు లేదని కాదు. ఇది స్పష్టంగా చెప్పాలి. భాష కలవగానే జబ్బు మాయమైపోయిందని రాస్తే అది అబద్ధం. కువిలో మాట్లాడటం మొదలయ్యాకే ఆమె ఎంత బాధ మోస్తోందో తెలిసింది. నెలల నుంచి ఆమెకు కంటి మీద కునుకు లేదు. ఎవరూ లేనప్పుడు గొంతులు వినిపిస్తున్నాయి. అన్నంలో మందు కలిపారు, తినకు అని అవి చెబుతున్నాయి. పళ్ళెం తోసేయడం వెనక ఉన్నది ఆ భయం. సహకరించదు అని రాసిన మాట వెనక ఉన్నదీ అదే.

ఇలాంటప్పుడు ఏం అనాలి? ‘అలాంటి గొంతులేం లేవు’ అంటే ఆమె చెప్పేది అబద్ధమన్నట్టు. ‘అవును, మాకూ వినిపిస్తున్నాయి’ అంటే ఆ భయాన్ని మనమే పెంచినట్టు. పుస్తకం చెప్పే మధ్య దారి ఒకటుంది. మా అమ్మాయి కువిలో అదే చెప్పింది. “పిన్నీ, నాకు ఆ గొంతు వినపడటం లేదు. నీకు వినపడుతోందని తెలుస్తోంది. రాత్రీ పగలూ అలా వింటుంటే భయంగానే ఉంటుంది.” పిన్ని చాలాసేపు ఏడ్చింది. మేము ఏడవద్దు అనలేదు. పక్కనే ఉన్నాం.

ఇంకో సంగతి. చనిపోయిన తన తల్లి కలలోకి వచ్చిందని, కొత్త పంట ఆమెకు పెట్టకుండా ముట్టకూడదని పిన్ని ఒకసారి చెప్పింది. బయటివాళ్ళు వింటే దీన్ని కూడా జబ్బు లెక్కలోనే రాస్తారు. మన ఇళ్ళలో పెద్దలకు పెట్టకుండా కొత్తది ఎవరు తింటారు? డాక్టరు గారు వచ్చినప్పుడు ఆయన అడిగింది కువిలో అడిగి, ఆమె చెప్పింది తెలుగులో చెప్పాం. చివర్లో రెండూ విడదీసి చెప్పాం. తల్లికి పెట్టడం మా ఆచారం, అందులో ఆమెకు భయం లేదు. విషం కలిపారనే గొంతు ఆచారం కాదు, దానితోనే ఆమె నలిగిపోతోంది. ఆయన శ్రద్ధగా విని రాసుకున్నారు. మాట మార్చేటప్పుడు సొంత మాట ఒక్కటి కూడా కలపకూడదని, తగ్గించకూడదని మేడమ్ ముందే గట్టిగా చెప్పింది. ఆమె మాట ఆమెదే. మోసుకెళ్ళడం వరకే మన పని.

ఒకరోజు పిన్ని, ఒక మాట చెబుతాను ఎవరికీ చెప్పకు అంది. సరే అనడం ఎంత సులువో! కానీ అలాంటి మాట ఇవ్వకూడదని మాకు నేర్పారు. “నీ ప్రాణానికి సంబంధించిన మాటైతే సిస్టర్‌కి చెప్పాల్సి వస్తుంది పిన్నీ. మిగతాది నా దగ్గరే ఉంటుంది” అని ముందే చెప్పింది మా అమ్మాయి. పిన్ని కాసేపు ఆగి, అయినా చెప్పింది. బతకాలని లేదని. చచ్చిపోవాలనిపిస్తోందా అని మా అమ్మాయి సూటిగా అడిగింది. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది భయపడతారు. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. లోపల ఉంటే బయటికి రావడానికి దారి దొరుకుతుంది. ఆ గంటలోనే స్టాఫ్ నర్సుకూ డాక్టరుకూ తెలిసింది. ఆ రాత్రి నుంచి ఆమె మంచాన్ని సిస్టర్ టేబుల్ దగ్గరికి మార్చారు.

మేము వెళ్ళిపోయే రోజు కూడా ముందే చెప్పాం. మొదటి వారంలోనే, నాలుగు సంతల దాకా ఉంటాం అని. వారం వారం గుర్తుచేశాం. నమ్మిన మనిషి చెప్పకుండా మాయమైతే రోగికి పాత గాయం మళ్ళీ రేగుతుంది. అందుకే ముగింపు కూడా వైద్యంలో భాగమే. చివరి వారానికి పిన్ని రాత్రిళ్ళు కొంత నిద్రపోతోంది. గొంతులు పూర్తిగా పోలేదు. మందు పని చేయడానికి వారాలు పడుతుంది. కానీ పళ్ళెం తోసేయడం మానింది. సిస్టర్‌తో తెలుగులో రెండు మూడు ముక్కలు మాట్లాడుతోంది. కేస్ షీటులో కొత్త పేజీ మీద ‘రోగి కువి భాషలో మాట్లాడుతుంది’ అని స్టాఫ్ నర్సు రాసింది. ఇది మా గొప్ప అని చెప్పడం లేదు. మందు, డాక్టరు, సిస్టర్లు, మాట, అన్నీ కలిస్తేనే అంత దూరం వచ్చింది.

2017 చట్టంలోని 22వ సెక్షన్, తన జబ్బు గురించి, వైద్యం గురించి తెలుసుకునే హక్కు రోగికి ఇచ్చింది. ఆ సంగతులు రోగికి అర్థమయ్యే భాషలో చెప్పాలని కూడా రాసింది. చట్టంలో ఆ మాట ఉంది. వార్డులో ఆ భాష వచ్చిన మనిషి ఉండాలి. ఆ మనిషి ఎక్కడి నుంచి వస్తుంది? మన ఊళ్ళ నుంచే రావాలి. మన భాష పరీక్షలో మార్కులు తేదని, పట్నంలో నవ్వులపాలు చేస్తుందని దాన్ని హాస్టల్ గేటు దగ్గరే వదిలేసే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ చాలామంది ఉన్నారు. మీరు నర్సులైనా, ఏఎన్ఎంలైనా, టీచర్లైనా ఆ భాషే మీ చేతిలోని పనిముట్టు. దాన్ని తుప్పు పట్టనివ్వకండి.

ఉపాధ్యాయులకు ఒక మనవి. తరగతిలో ఉన్నట్టుండి మాట్లాడటం మానేసిన పిల్లను మొద్దు అనకండి. ఎందుకు చదవడం లేదని అందరి ముందూ నిలదీయకండి. వరండాలో పక్కన కూర్చుని, ఈ మధ్య ఎలా ఉంటోంది అని అడగండి. జవాబు రాకపోతే మర్నాడు మళ్ళీ కూర్చోండి. వీలైతే ఆమె ఇంటి భాషలో ఒక్క మాట నేర్చుకుని అడగండి. కువి, సవర, కోయ, కొండ, ఆదివాసీ ఒరియా భాషల్లో చిన్న తరగతుల వాచకాలు తెలుగు లిపిలోనే వచ్చాయి. అవి పెద్దలకూ పనికొస్తాయి.

ఊరి పెద్దలకు, యువకులకు ఇంకో మాట. గురువు దగ్గర పూజ చేయించుకుంటామంటే చేయించుకోండి. కానీ దానికోసం మందు ఆపకండి. వాత పెట్టడం, కొట్టడం వద్దు. మానసిక రోగిని గొలుసుతో కట్టడం అదే చట్టం ప్రకారం నిషేధం. మనసు చెదిరిన ఆడమనిషిని చిల్లంగి చేస్తోందని వేలెత్తి చూపడం మరీ ప్రమాదం. ఆ మాట ఎంతదూరం పోతుందో మన వైపు అందరికీ తెలుసు. సిగ్నల్ దొరికే చోటికి వెళ్ళి 14416కు ఫోన్ చేస్తే టెలి మానస్ వాళ్ళు తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరుకు డబ్బు పడదు. ఇంట్లో ఎవరికి బాగాలేకపోయినా ఎవరైనా చేయవచ్చు.

మేము ఐదుగురం ఇప్పుడు ఒక నోటు పుస్తకం మొదలుపెట్టాం. నిద్ర పట్టడం లేదు, గుండె దడగా ఉంది, భయంగా ఉంది, ఎవరూ లేనట్టుంది, బతకాలని లేదు. ఇలాంటి మాటలను మన భాషల్లో ఎలా అంటారో తెలుగు లిపిలో రాసుకుంటున్నాం. వార్డులో, పీహెచ్‌సీలో పనిచేసేవాళ్ళకు ఇవ్వాలని మా ఆలోచన. కువి గడిలో మొదటి మాటలు పిన్ని చెప్పినవే. ఆమెను అడిగే రాసుకున్నాం. కుపియా, ఆదివాసీ ఒరియా గడులు సగం నిండాయి. కొండ, సవర, కోయ గడులు ఖాళీగా ఉన్నాయి. ఈ వ్యాసం చదివిన మీలో ఆ భాషలు ఇంట్లో మాట్లాడేవాళ్ళు ఉంటే, మీ అమ్మలను, అమ్మమ్మలను అడిగి అలాంటి పుస్తకమే ఒకటి మొదలుపెట్టండి. సెలవుల్లో కలిసినప్పుడు అన్నీ ఒకచోట చేర్చుకుందాం.